ట్యాంకు లోపలి గొట్టం

మద్దిలేటి శెట్టి హెలికాప్టరు తెచ్చిన ఏడాది పత్తికి పచ్చపురుగు పడింది. శెట్టికి రెండూ లాభమే. నంద్యాల బస్టాండు వెనక ఆయనకు పురుగుమందుల అంగడి ఉండేది. అంగడి పక్క రేకుల షెడ్డులో నేను రైతుల స్ప్రేయర్లు బాగుచేసేవాణ్ణి. శిరివెళ్ల మిషన్ బడిలో ఏడు దాకా చదివాను. ఇంజన్లు నేర్చుకున్నది మాత్రం షెడ్డులోనే.

అది మనుషులెక్కే హెలికాప్టరు కాదు. పొట్టేలంత ఉంటుంది. నేల మీద నిలబడి చేతిలోని పెట్టె మీద పుల్లలు కదిపితే పైన అది కదులుతుంది. శెట్టి బొంబాయి పోయినప్పుడు ఎవరో ఎగరేస్తుంటే చూశాడు. మందు కొనడానికి రాని జనం దీన్ని చూడడానికి వస్తారని ఆయనకు తట్టింది. ఎనభై రెండులో అది అట్టపెట్టెలో నంద్యాల చేరింది.

ఎగరేయడానికి నా బావమరిది సామ్యేలును పెట్టుకున్నాడు. సామ్యేలు బెంగుళూరులో ఒక వర్క్‌షాపులో ఉన్నప్పుడు అట్లాంటివి ఎగరేసేవాళ్ళ వెంట తిరిగి నేర్చుకున్నాడు. వాణ్ణి శెట్టికి చూపించింది నేనే. నా భార్య కమలమ్మ అడిగింది. చూపించాను.

ఎగరేయడం వాడి పని. ఇంజను, ట్యాంకు, గొట్టాలు నా పని. శెట్టి ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి పని పంచాడు.

ఆ ఇంజను పెట్రోలు తాగదు. మిథనాల్ అనే స్పిరిటులో ఆముదం కలిపి పోయాలి. ఆ కలిపినదాన్నే మేము నూనె అనేవాళ్ళం. ఆ స్పిరిటు గాలిలోని చెమ్మను లాగుతుంది. ఆముదం జిగురు కడుతుంది. అందుకని ఎగిరిన ప్రతిసారీ ట్యాంకులో మిగిలింది పారబోయాలి. ఉత్త స్పిరిటుతో కడగాలి. బిరడా తీసి నీడలో ఆరబెట్టాలి. ఒక్కరోజు బద్ధకిస్తే మరుసటి రోజు ఇంజనుకు పోయే గొట్టంలోని జల్లెడలో చీమిడి లాంటి జిగురు కనపడుతుంది.

ట్యాంకు అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ డబ్బా. కొన్నాళ్ళకు ఆముదం పట్టి లోపల ఏముందో కనపడనంత పచ్చబడింది. దాని రబ్బరు బిరడాలోంచి ఒక మెత్తని గొట్టం లోపలికి పోతుంది. గొట్టం కొనకు చిన్న ఇత్తడి గుండు. హెలికాప్టరు ముక్కు దించితే నూనె ముందుకు పారుతుంది, గుండు కూడా నూనె వెంట ముందుకు పడుతుంది. తోక దించితే వెనక్కి పడుతుంది. నూనె ఎక్కడుంటే గొట్టం నోరు అక్కడుండాలి. లేకుంటే ఇంజను గాలి పీలుస్తుంది. గాలి పీలిస్తే ఆగుతుంది. పైన ఆగితే కింద పడుతుంది.

ప్రతి ఆటకు ముందు ఖాళీ ట్యాంకును చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాణ్ణి. గుండు ఈ పక్క పలకాలి, ఆ పక్క పలకాలి. విన్నాకే నూనె పోసేది.

సామ్యేలు నవ్వేవాడు. "ఏం బావా, మా అక్క మాట్లాడతాండాదా లోపల?"

"మీ అక్కయితే ఇంత తక్కువ మాట్లాడదులే రా."

అప్పుడు మా మధ్య అట్లాంటి మాటలుండేవి.

మొదటి ఆట పాణ్యంలో. జనం బస్సు టాపులెక్కి చూశారు. హెలికాప్టరు లేచి తాటిచెట్టు ఎత్తున నిలబడింది. ఒక ముసలి రైతు తలగుడ్డ వెనక్కి జరుపుకుని చూసి శెట్టిని అడిగాడు.

"శెట్టీ, ఇది పురుగును చంపుతాదా, ఎత్తకపోతాదా?"

"చంపేది మందు, పెద్దాయనా. ఇది ఉత్త దండోరా."

"అట్లయితే తప్పెటోడు చాలు గదప్పా. వాడు తాగి కింద పడినా మళ్ళా లేస్తాడు."

జనం నవ్వారు. శెట్టి కూడా నవ్వాడు. ఆ రోజు మందు బాగా పోయింది.

బనగానపల్లె ఆటకు నేను పోలేదు. చలిజ్వరం పట్టుకుంది. సామ్యేలు ఒక్కడే పోయి వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు.

"ట్యాంకు కడిగి ఆరబెట్టినా బావా. నువ్వు గమ్మున పండుకో."

పండుకున్నాను. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. బయట వానలు. ఆటలు లేవు. తెరిపిచ్చినప్పుడు సామ్యేలు షెడ్డు వెనక కాసేపు ఎగరేసుకునేవాడని విన్నాను. మిగిలిన నూనె పారబోస్తున్నాడా అని కమలమ్మ చేత అడిగించాను. పారబోస్తున్నాడంట అని వచ్చి చెప్పింది.

వానలు ఆగినాక ఆళ్లగడ్డ ఆట పెట్టారు. సామ్యేలు, శెట్టి జీపులో ముందు పోయారు. నేను నీరసంగా ఉండి బస్సులో వెనక పోయాను. మార్కెట్టు పక్క మైదానం నిండిపోయింది. నేను పోయేసరికి ట్యాంకు నిండి ఉంది.

"నింపినావేందిరా? నేనింకా ఆడించి చూడల్యా."

"శెట్టి మీద పడతాండాడు బావా. పొద్దున నేనే ఆడించినా. రెండు పక్కలా పలికింది."

"నిజమేనా?"

"అక్క మీద ఒట్టు."

ఒట్టు పెట్టకూడదని బైబిలు వాక్యం. వాడు పెట్టాడు. నేను నమ్మాను.

నిండిన ట్యాంకులో గుండు పలకదు. నాకు కనపడేవి బయటి గొట్టాలు. ట్యాంకు నుంచి కార్బొరేటరుకు పోయే గొట్టాన్ని వేళ్ళతో నొక్కుతూ కొన దాకా చూశాను. జల్లెడ విప్పి చూశాను. ఇంజను స్టార్టు చేయించి గొట్టంలో బుడగలు వస్తున్నాయా అని చూశాను. రాలేదు. అన్నీ బాగున్నాయి.

శెట్టి కాగితాల సంచి ఒకటి తెచ్చాడు. మందుల పేర్లు అచ్చేసిన కాగితాలు. దాన్ని హెలికాప్టరు కడుపు కింద కట్టి జనం మీద చల్లాలన్నాడు. అప్పటిదాకా మేము జనం మీదికి తీసుకుపోలేదు. ఖాళీ జాగాలోనే ఎగరేసేవాళ్ళం.

"మనుషుల మీద వద్దు శెట్టీ. పక్కన చల్లుదాం" అన్నాను.

"పక్కన చల్లితే ఎవుడు ఏరుకుంటాడప్పా, గొర్రెలా? నువ్వు ట్యాంకు చూసుకో. ఎగరేసేవాడు వాడు."

సామ్యేలు నా వైపు చూడలేదు. పుల్లలు పట్టుకున్నాడు.

రెండు చుట్లు బాగా తిరిగింది. కాగితాలు రాలాయి. జనం కేకలేశారు. మూడో చుట్టుకు ట్యాంకు సగమై ఉంటుంది. శెట్టి చేయి ఊపి ఇంకా కిందికి, ఇంకా కిందికి అన్నాడు. సామ్యేలు ముక్కు దించి జనం మీదికి ఉరికించాడు. ఇంజను దగ్గింది. ఆగింది.

హెలికాప్టరు జనం మీద పడింది, రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి కట్టెతో చేసినవి, కొనల్లో సీసం పోసినవి. అహోబిలం అవతలి గూడెం నుంచి మారెన్న అనే మనిషి వెదుళ్ళు అమ్ముకోవడానికి వచ్చి, మోపు మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. రెక్క అతని మెడకు తగిలింది. పక్కనే అతని భార్య భూదేవి ఉంది. కొంగు తీసి అదిమి పట్టింది. కొంగు చాలలేదు.

మైదానమంతా ఆముదం కాలిన వాసన. జనం ఎటు వాళ్ళటు పోయారు. మారెన్న చుట్టూ మేము, భూదేవి, శెట్టి కాగితాలు మిగిలాం.

పోలీసులు వచ్చారు. శెట్టి వాళ్ళను పక్కకు తీసుకుపోయి మాట్లాడాడు. తిరిగి వచ్చి అందరికీ వినపడేటట్టు నన్నడిగాడు.

"ట్యాంకు చూసేది ఎవురప్పా?"

"నేనే."

"మరి ఇంజను ఏంటికి ఆగె?"

"విప్పి చూస్తే తెలుస్తాది."

"ఇంకేం చూస్తావ్. చూడాల్సినప్పుడు చూడకపోతివి."

ఆ మాట ఆళ్లగడ్డ నుంచి నాకంటే ముందే నంద్యాల చేరింది. కేసు ప్రమాదం కింద మూసేశారు. భూదేవి ఇంటికి శెట్టి జొన్నల బస్తా పంపించాడు. నన్ను షెడ్డు నుంచి తీసేశాడు. విరిగిన హెలికాప్టరులోంచి నేను ట్యాంకు ఒక్కటి విప్పి తెచ్చుకున్నాను. ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఇంట్లో రంపపు బ్లేడుతో ట్యాంకును నిలువుగా కోశాను. లోపలున్నది నేను వేసిన గొట్టం కాదు. ఆస్పత్రిలో సెలైన్ సీసా నుంచి నరానికి పోయే గొట్టం. కొత్తలో అది మెత్తగానే ఉంటుంది. స్పిరిటులో నానితే దాని మెత్తదనమంతా స్పిరిటు తాగేస్తుంది. పారబోస్తున్నానన్న మాట కూడా అబద్ధమే, నెల రోజులు అది నూనెలోనే ఉంది. చీపురుపుల్ల మాదిరి బిగుసుకుపోయి, గుండును వెనక మూలకు పట్టేసింది. ముక్కు దించినప్పుడు నూనె ముందుకు పోయింది. గొట్టం వెనకే ఉండిపోయింది.

కమలమ్మ ఒక నర్సింగ్ హోములో ఆయా.

ఆమె బియ్యం ఏరుతోంది. ట్యాంకు రెండు చెక్కలూ తెచ్చి ఎదురుగా పెట్టాను. చూసింది. చేట కింద పెట్టింది.

"ఈ గొట్టం ఎవురిచ్చినారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"నీకు జ్వరమొచ్చినప్పుడు. బనగానపల్లెలో ట్యాంకును పెట్రోలు పోసి కడిగినాడంట. లోపల గొట్టం ఉబ్బి ఊడిపోయిందంట. బావకు తెలిస్తే తంతాడక్కా, సైజుకు సరిపోయేది ఏదన్నా తెచ్చియ్యి అన్యాడు. తెచ్చిచ్చినా."

మా షెడ్డులో అన్నీ పెట్రోలుతోనే కడిగేది. స్ప్రేయరు, కార్బొరేటరు, చేతులు కూడా. ఈ మెత్తని గొట్టానికి మాత్రం పెట్రోలు తగలకూడదు. సామ్యేలుకు మొదటి రోజే చెప్పాను. వాడి చేయి అలవాటు కొద్దీ పెట్రోలు మీదికి పోయింది. అది తప్పు. అయినా అప్పుడే చెప్పి ఉంటే మద్రాసు నుంచి కొత్త గొట్టం వచ్చేదాకా ఆట ఆగేది, అంతే.

"నాతో ఏంటికి చెప్పల్యా?"

"చెప్పొద్దన్యాడు."

"మనిషి సచ్చినాడు మే."

"తెలుసు."

"అయ్యగారి ముందర ఇదే చెప్పు."

ఆమె చేట ఎత్తుకుని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

అయ్యగారంటే మా గుడి పాస్టరు. సంఘానికి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దినాన నేను రొట్టె పళ్ళెం పట్టేవాణ్ణి. ఆళ్లగడ్డ సంగతి తెలిసినాక పెద్దలు గుసగుసలాడారు. ప్రాణం పోయిన పనిలో చేయి ఉన్నవాడు పళ్ళెం ఎట్ల పడతాడని అడిగారు. బల్లకు ముందు శనివారం గుడిలో కూర్చోబెట్టారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. పెద్దల్లో పెద్ద యోహానన్న మాట్లాడాడు.

"జకరయ్యా, నీ మాట చెప్పు."

గొట్టం చూపించాను. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో చెప్పాను.

యోహానన్న సామ్యేలు వైపు తిరిగాడు. సామ్యేలు లేచి చేతులు కట్టుకున్నాడు. "ట్యాంకు నేను ముట్టను అయ్యా. బావ ముట్టనియ్యడు. ఆస్పత్రి గొట్టాలు వాళ్ళింట్లోనే ఉంటాయి. ఆయప్పే ఏసుకోని ఉంటాడు."

"రేయ్" అన్నాను.

"గుడిరా ఇది" అన్నాడు యోహానన్న. "సరే, గొట్టం ఎవురన్నా మార్చనీ. ఆట ముందర ఆడించి చూసేది నీ పని గదా. చూసినావా?"

"నింపి పెట్టినాడు. తాను చూసినానని ఒట్టు పెట్టినాడు."

"పారబోసి చూడాల్సింది."

ట్యాంకు సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. అయినా అన్నాడు. చెప్పడం సులువు. నేను కమలమ్మ వైపు చూపించాను.

"ఆమెను అడగండి. గొట్టం తెచ్చిచ్చింది ఆమె. నా నోటితో వద్దు. ఆమె నోటితోనే వినండి."

ఆడవాళ్ళ మధ్య నుంచి ఆమె లేచింది. అయ్యగారు అడిగారు, "అమ్మా, నీ తమ్మునికి గొట్టం ఇచ్చినావా?" ఆమె నన్ను చూడలేదు, తమ్మున్నీ చూడలేదు. కిటికీ చూసింది.

"నాకు తెలీదు అయ్యగారూ."

"ఇచ్చినావా, ఇయ్యలేదా?"

"ఇయ్యలేదు."

కూర్చుంది.

నా చేతి నుంచి పళ్ళెం తీసేశారు. బల్లకు కూడా దూరం పెట్టారు. పశ్చాత్తాపపడి అడిగినప్పుడు చూద్దామన్నారు. చేయనిదానికి పశ్చాత్తాపం ఎట్ల పడేది?

ఇంటికి నడిచి వస్తూ దారిలో అడిగాను. "ఏంటికట్ల జేసినావ్?"

"నీ చేతిలో పనుండాది. యాడన్నా బతుకుతావ్. వాణ్ణి జైల్లో ఏస్తారు. లూదియాకు నెలలు నిండినాయి."

లూదియా సామ్యేలు భార్య.

"మరి నా పేరు?"

"పేరు కూడు పెడతాదా?"

నా పేరు గురించి అడిగిందే నేను ఆమెతో మాట్లాడిన ఆఖరు మాట. ఆ తర్వాత మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. వండింది తిన్నాను. సంపాదించింది ఇంట్లో పెట్టాను. మొదట్లో ఆమె నన్ను అడిగేది. జవాబు రాకపోతే వాకిట్లో కోడిని అడిగేది. "కూరలో ఉప్పు చాలిందంటనా? రేపు యాడికన్నా పోతాడంటనా?" కొన్నాళ్ళకు కోడిని కూడా అడగడం మానింది. ఊళ్ళో నన్ను రాయి అన్నారు. రాయి అబద్ధం చెప్పదు.

నంద్యాలలో స్ప్రేయర్లు నా దగ్గరికి రావడం ఆగిపోయింది. కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసుకున్నాను. సామ్యేలును శెట్టి అంగడిలో కూర్చోబెట్టుకున్నాడు. రెండేళ్ళకు సంఘంలో పెద్దను చేశారు. రొట్టె పళ్ళెం వాడి చేతికి వచ్చింది. ఆదివారం నేను గుడి బయట గోడ నీడన నిలబడి పాటలు వినేవాణ్ణి. బల్ల దినాన ఇంటికి పోయేవాణ్ణి.

ఎనభై ఆరులో కమలమ్మకు కడుపులో గడ్డ లేచింది. పనిచేసిన చోటే మంచమెక్కింది. ఆఖరు రోజుల్లో ఇంటికి తెచ్చుకున్నాను. ఒళ్ళు తుడిచాను. జావ పోశాను. ఒకరోజు నా మణికట్టు పట్టుకుని "ఒక్క మాట" అంది. ఆమె ఒక్క మాట గుడిలో చెప్పి ఉంటే సరిపోయేది. చేయి విడిపించుకుని జావ గిన్నె కడగడానికి పోయాను. మరుసటి రోజు మధ్యాహ్నం పోయింది.

మాలో గుంటలోకి మొదటి పిడికెడు మట్టి భర్త వేయాలి. తర్వాత తోడబుట్టినవాళ్ళు. తర్వాత తక్కినవాళ్ళు. భర్త వేయకుండా ఎవరూ వేయరు.

పెట్టె దించారు. కొత్త అయ్యగారు వాక్యం చదివారు. ఆయన కడప వైపు నుంచి వచ్చి ఏడాది కాలేదు. గుంటకు అవతల పెద్దల వరుసలో సామ్యేలు తెల్ల చొక్కా వేసుకుని పాటల పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. సంఘమంతా ఉంది. కమలమ్మ అందరికీ కావలసిన మనిషి. కాన్పులకు పోయేది, రోగులకు పోయేది. ఆడవాళ్ళు బాగా ఏడుస్తున్నారు.

నేను వంగి మట్టి తీసుకున్నాను.

"వేయండి, జకరయ్యగారూ" అన్నారు అయ్యగారు.

"వాడు చెప్పినాక ఏస్తా" అన్నాను.

"ఎవరు? ఏం చెప్పాలి?"

"సామ్యేలు. గొట్టం ఎవురు మార్చినారో చెప్పమనండి. ఆమె చెప్పాల్సిన మాట. ఆమె చెప్పకుండా పోతాండాది. వాడు చెప్పాలి."

సామ్యేలు పాటల పుస్తకం మూశాడు. "బావా, ఇది సమయం కాదు."

"నీకెప్పుడూ సమయం కాదులే."

యోహానన్న ముందుకు వచ్చాడు. ముసలితనంతో వంగిపోయాడు గానీ గొంతు అదే. "శవాన్ని గుంటలో పెట్టి పంచాయితీ ఏందిరా? నువ్వు మనిషివేనా?"

"నాలుగేండ్ల కింద పంచాయితీ పెట్టింది నువ్వే గదా యోహానన్నా. అది ఇంకా అయిపోలేదు."

"మట్టెయ్యి."

"ఏయను."

మిట్టమధ్యాహ్నం ఎండ. గుంట తవ్వినవాళ్ళు పారల మీద ఆనుకున్నారు. ఒకరిద్దరు నా భుజం పట్టుకున్నారు. విదిలించుకున్నాను. పిడికిలి విప్పలేదు. అయ్యగారికి ఏం చేయాలో తెలియక పుస్తకం మూశారు, తెరిచారు. కొడుకును చంకనేసుకుని ఆడవాళ్ళలో ఉన్న లూదియా గట్టిగా అంది.

"చెప్పి సావు మనిషీ. వదినె ఎండలో ఉండాది."

సామ్యేలు పాటల పుస్తకం పక్కవాడికి ఇచ్చాడు.

"గొట్టం నేనే మార్చినా" అన్నాడు. "ట్యాంకు పెట్రోలుతో కడిగి పాతది పాడుచేసినా. బావకు చెప్పల్యా. అక్క ఆస్పత్రి గొట్టం తెచ్చిచ్చింది. ట్యాంకు ఆడించి చూసినానని అబద్ధం చెప్పినా. గుడిలో..." ఆగాడు.

"గుడిలో?" అన్నాను.

"గుడిలో అక్క అబద్ధం చెప్పింది. నేను కాళ్ళు పట్టుకుంటే చెప్పింది."

ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఏడుపు ఆపారు. గుంటలోని పెట్టెను చూశారు, నన్ను చూశారు. యోహానన్న నేల చూపులు చూశాడు. నాలుగేళ్ళు నేను అడిగింది అదే. వచ్చింది.

కొత్త అయ్యగారు నెమ్మదిగా అడిగారు. "ఏ గొట్టం? దేనికి?"

"ఏదో హెలికాప్టరు అయ్యగారూ" అన్నాడు వెనక నుంచి ఒక పడుచువాడు. "శెట్టి ఆటబొమ్మంట. నేను చూడల్యా."

"దాని వల్ల ఏమయింది?"

"ఎవురో పోయినారంట."

"ఎవరు?"

యోహానన్నకు పేరు గుర్తు లేదు. సామ్యేలుకు గుర్తుందో లేదో, నోరు తెరవలేదు.

నేను చెప్పాను. మారెన్న అని చెప్పాను. అహోబిలం అవతలి గూడెం అని, వెదురు మోపు మీద కూర్చున్నాడని, పక్కన భూదేవి ఉందని చెప్పాను. ట్యాంకు ఎట్ల ఉంటుందో, గుండు ఎందుకు ఉంటుందో, గొట్టం ఎందుకు మెత్తగా ఉండాలో, పెట్రోలు ఎందుకు తగలకూడదో, స్పిరిటు ఆస్పత్రి గొట్టాన్ని ఏం చేస్తుందో, నూనె సగమైనాక ముక్కు దించితే ఏమవుతుందో అంతా చెప్పాను. వాళ్ళకు అర్థమయిందో కాలేదో నాకు అక్కరలేదు. కొందరు తలమీద తువ్వాలు వేసుకున్నారు. కొందరు పిల్లలను తీసుకుని పోయారు. తక్కినవాళ్ళను నిలబెట్టి చెప్పాను.

చెప్పడం అయినాక మట్టి వేశాను. చెమటకు ముద్దయిపోయి పెట్టె మీద ఒక్కచోటే పడింది.

తర్వాత సామ్యేలు వంగాడు. మట్టి మీద చేయి పెట్టాడు. నేను గుంట చుట్టూ తిరిగి పోయి వాడి చేయి పట్టుకున్నాను.

"నువ్వొద్దు."

"మా అక్క, బావా."

"వద్దు."

వాడు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు పుస్తకంలోకి చూశారు. మట్టి వదిలేసి లేచి నిలబడ్డాడు. తవ్వినవాళ్ళకు పూడ్చమని నేనే చెప్పాను.